గెడ్డలో కలిసేలోపు

అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు సీజన్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. కాఫీ పండ్ల కోత ఒకటి, పర్యాటకుల రాక రెండోది. వలిసె పూలు చూడాలని కొందరు, లంబసింగి పొగమంచులో వణకాలని కొందరు, బొర్రా గుహలకని ఇంకొందరు మైదానం నుంచి కొండెక్కుతారు. లాడ్జీలు, రిసార్టులు, దారి పక్క గుడారాలు నిండిపోతాయి. అవే నెలల్లో తోటల్లో పండ్లు ఎర్రబారతాయి, పల్పింగ్ మిషన్లు తిరుగుతాయి. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పిల్లలు నిండుగా ఉండేదీ అప్పుడే. ఇంత మురుగు ఒక్కుమ్మడిగా పుట్టే ఆ రోజుల్లోనే గెడ్డలు, అంటే కొండవాగులు, సన్నబడతాయి. ఆగస్టులో బండల మీద నుంచి దూకిన నీరు జనవరి నాటికి రాళ్ళ సందుల్లో పాయలుగా మిగులుతుంది. మలినం పెరిగిన వేళకే దాన్ని పలచన చేసే నీరు తరిగిపోతుందన్న మాట. ఈ కొండల్లో మురుగునీటిని శుభ్రం చేయడానికి పెద్ద పెద్ద యంత్రాల కంటే నాచు, బాక్టీరియా కలిసి పనిచేసే లోతు తక్కువ చెరువుల వరసే తగినదని ఈ ప్రసంగంలో నా వాదన. ఆ చెరువులు చేయలేని పనులూ ఉన్నాయి. వాటిని దాచిపెట్టి గొప్పలు చెబితే రేపు మొదటి చెరువు కంపు కొట్టగానే మొత్తం ఆలోచనే మూలపడుతుంది కనుక, వాటినీ చెప్పుకుందాం.

ముందు నీరు ఎక్కడికి పోతోందో చూద్దాం. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా మీదుగా దిగి తాటిపూడి జలాశయానికి చేరుతుంది. విశాఖపట్నానికి తాగునీరిచ్చే వనరుల్లో ఆ జలాశయం ఒకటి. మాచ్‌ఖండ్ నీళ్ళు సీలేరై, శబరిలో కలిసి, చివరికి గోదావరి పాలవుతాయి. అయితే నగరాల సంగతి తర్వాత. దానికంటే ముందు కింది ఊరు ఉంది. మన్యంలో ఎన్నో ఊళ్ళకు ఊటే కుళాయి, గెడ్డే బావి. పై ఊరు వదిలిన నీరే కింది ఊరి బిందెలోకి వస్తుంది. తొలకరి వానకు కొండవాలు మీది మలినమంతా కడుక్కుపోయి నీటి వనరుల్లో చేరినప్పుడు వాంతులు, విరేచనాలు ప్రబలడం ఏజెన్సీకి కొత్త కాదు. రోగకారక క్రిములకు వానాకాలం అదను. ఇక నీటిలో ఆక్సిజన్ కరువు చలికాలపు బెడద. రెండింటికీ మూలం శుద్ధి చేయకుండా వదిలేసిన నీరే.

ఇక్కడి మురుగు రెండు రకాలు. మరుగుదొడ్లు, వంటగదులు, స్నానాలగదుల నుంచి వచ్చేది మొదటిది. అది మనందరికీ తెలిసినదే. రెండోది కాఫీ నీరు. అరకు కాఫీకి వచ్చినంత పేరు దానికి రాలేదు గనుక దాని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లో పాములేరు లోయ ద్వారా వచ్చిందంటారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పండును పల్పింగ్ మిషన్‌లో వేస్తే ఎర్ర తొక్క ఊడి, జిగురు పట్టిన గింజ బయటపడుతుంది. ఆ జిగురు వదిలేదాకా గింజను తొట్టిలో పులియబెట్టి కడుగుతారు. చలి ఎక్కువైతే పులియడానికి మరికాస్త సమయం పడుతుంది. కడిగిన గింజను ఆరబెడితే పార్చ్‌మెంటు కాఫీ తయారవుతుంది. కడిగిన నీటిలోకి మాత్రం చక్కెరలు, పెక్టిన్, తొక్కలోని రంగు, వగరు పదార్థాలు చేరతాయి. రెండు రోజులు నిలిస్తే ఆ నీరు పులిసి పీహెచ్ 4 దరిదాపులకు పడిపోతుంది. రసాయన ఎరువు ఎరగని తోటలని మనం సంచుల మీద గర్వంగా అచ్చువేసుకుంటాం. ఆ తోట పక్క గెడ్డలో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో సంచి మీద ఉండదు.

ఈ నీటి బలాన్ని కొలిచే మాట బీఓడీ. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా తిని అరిగించుకోవడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క అది. ఇళ్ళ మురుగుకు లీటరుకు సుమారు 150 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. కాఫీ నీటికి అది వేలల్లోకి పోతుంది. నదుల్లోకి, వాగుల్లోకి వదిలే నీటికి మన దేశంలో సాధారణంగా పెట్టిన హద్దు 30. ఇంకో అంకె కూడా గుర్తు పెట్టుకోవాలి. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న అరకులో, 20 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ మాత్రమే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక సముద్రతీరంలో కంటే ఇక్కడ అది దాదాపు పదో వంతు తక్కువ. 5,000 బీఓడీ ఉన్న ఒక్క లీటరు కాఫీ నీరు ఆరువందల లీటర్ల గెడ్డ నీటిలోని ప్రాణవాయువునంతా తినేయగలదు. గెడ్డ పారుతూ రాళ్ళకు తగిలి మళ్ళీ గాలిని కలుపుకుంటుంది కదా అని మీరు అనవచ్చు. నిజమే, కొంత కలుపుకుంటుంది. పారే నీరు తనను తాను శుభ్రం చేసుకుంటుందన్న పెద్దల మాటలో సత్యం ఉంది. రాయి మీద జారే ఆ పాచి ఏమిటనుకున్నారు, నాచు, బాక్టీరియా కలిసి కట్టుకున్న పొరే. కానీ ఆ పొర పని చేయడానికి సమయం కావాలి. వాలు మీద పరుగెత్తే గెడ్డకు ఆ తీరిక లేదు. ఒక కుటుంబం కడిగే రెండు బస్తాల పండ్లు వేరు, పది ఊళ్ళ పండ్లు ఒక్కచోట ఆడే యూనిట్ వేరు. గెడ్డ చేసే పనినే, గెడ్డలో కలిసేలోపు, తగినంత సమయమిచ్చి చేయించడమే చెరువు ఉద్దేశం.

ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. 1882లో థియోడర్ ఎంగెల్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శిని కింద ఒక నాచు పోగును పెట్టి, దాని మీద సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి పడేలా చేశాడు. ఆ నీటిలో ఆక్సిజన్ ఎక్కడుంటే అక్కడికి ఈదుకుపోయే బాక్టీరియాను కలిపాడు. ఎరుపు, నీలం వెలుగు పడిన చోట బాక్టీరియా గుమిగూడింది, ఆకుపచ్చ వెలుగు పడిన చోట దాదాపు లేదు. కిరణజన్యసంయోగానికి ఏ రంగు వెలుగు కావాలో తేల్చడానికి చేసిన ప్రయోగం అది. మన పనికొచ్చే సంగతి వేరు: నాచు ఆక్సిజన్ వదిలిన చోటికి బాక్టీరియా తనంతట తానే చేరుకుంటుంది. మురుగు చెరువులో జరిగేదీ అదే. బాక్టీరియా మలినాన్ని తిని బొగ్గుపులుసు వాయువును, అమ్మోనియాను, ఫాస్ఫేటును వదులుతుంది. నాచుకు సరిగ్గా అవే కావాలి. ఎండ తోడుతో నాచు వాటిని తీసుకుని పెరుగుతూ ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఆక్సిజన్‌తో బాక్టీరియా మళ్ళీ తింటుంది. వారపు సంతలో డబ్బు లేకుండా జరిగే ఇచ్చిపుచ్చుకోవడం వంటిదిది, ఒకరికి మిగిలింది ఇంకొకరికి అవసరం. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వాయువులతో ఆగదు. 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు 326 రకాల నాచుల సమాచారం పరిశీలిస్తే వాటిలో 171 రకాలకు బయటి నుంచి బీ12 విటమిన్ అందాలని తేలింది. నాచు దాన్ని తయారుచేసుకోలేదు. పక్కనున్న బాక్టీరియా దగ్గర పొందుతుంది.

దీని ఫలితం కంటికి కనిపించేంత పెద్దది. ఎండకాసిన మధ్యాహ్నం ఆరోగ్యంగా ఉన్న చెరువు పై పొరలో ఆక్సిజన్ లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటవచ్చు. నీరు గాలి నుంచి మామూలుగా ఇముడ్చుకునే దానికి రెట్టింపుకు మించిన మాట అది. ఏ ఫ్యానూ, ఏ పంపూ పెట్టకుండానే. నాచు బొగ్గుపులుసు వాయువును లాగేస్తుంటే నీటి పీహెచ్ పైకి పోయి 9 దాటుతుంది. ఆ క్షారగుణం, ఆ ఎండ, ఆ ఆక్సిజన్ మూడూ కలిసి మలంలోని రోగక్రిములను చంపుతాయి. నులిపురుగుల గుడ్లు నిలకడ నీటిలో అడుగుకు దిగిపోతాయి. యంత్రాలతో నడిచే శుద్ధి కేంద్రాలకు చివర క్లోరిన్ పెట్టి చేయించే పనిని వరసగా నాలుగైదు చెరువులు రోజుల తరబడి నిలవ ఉంచి చేసేస్తాయి. మన్యానికి నా దృష్టిలో అన్నిటికంటే విలువైన గుణం ఇదే. ఊట నీరు తాగే ఊళ్ళ పైన కూర్చుని మాట్లాడుతున్నప్పుడు బీఓడీ కంటే క్రిముల లెక్కే ముందు రావాలి.

ఇది ఎవరో నిన్న కలగన్న సంగతి కాదు. కాలిఫోర్నియాలో విలియం ఓస్వాల్డ్, ఆయన సహచరులు 1950లలో ఈ నాచు, బాక్టీరియా పొత్తును కొలిచి, లెక్కగట్టి, చెరువు ఎంత లోతు ఉండాలో, ఎన్నాళ్ళు నిలవ ఉంచాలో సూత్రాలుగా రాశారు. అక్కడి సెయింట్ హెలీనా పట్టణానికి 1967లో ఆయన పద్ధతిలో చెరువుల వరస కట్టారు. మన దేశంలో 1958లో నాగపూరులో మొదలైన ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, ఇప్పుడు నీరి అని పిలిచేది, తొలి నుంచీ ఈ చెరువుల మీద పనిచేసింది. అక్కడి అర్సీవాలా బృందం 1970లో మన ఎండకు, మన మురుగుకు తగిన కొలతలతో ఒక కైపుస్తకమే వెలువరించింది. ఇక కలకత్తా తూర్పున దాదాపు 12,500 హెక్టార్ల తడినేలలు ఉన్నాయి. నగరపు మురుగు అక్కడి చేపల చెరువుల్లోకి పోయి, నాచుగా మారి, ఆ నాచు చేపలుగా మారి మళ్ళీ నగరానికే అమ్ముడుపోతుంది. 2002లో ఆ తడినేలలకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల తడినేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఎన్ని రోజులు నీరు నిలపాలో, ఎప్పుడు చేప వదలాలో అక్కడి జాలర్లు ఇంజనీర్ల కంటే ముందే నీటి రంగు చూసి నేర్చుకున్నారు. రంగు చూసి నీటిని చదవగల మనుషులు మన్యంలో లేరా?

యంత్రంతో పని సులభం కదా, కాస్త కరెంటు ఖర్చయితే ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. 500 మంది పిల్లలున్న ఒక ఆశ్రమ పాఠశాలను తీసుకుందాం. తలకు రోజుకు 40 గ్రాముల బీఓడీ అనుకుంటే మొత్తం 20 కిలోలు. గాలి కొట్టే యంత్రం ఒక యూనిట్ కరెంటుతో సుమారు కిలో, కిలోన్నర ఆక్సిజన్‌ను నీటిలో కరిగించగలదు. అంటే రోజుకు పదిహేను, ఇరవై యూనిట్లు. ఒప్పుకోవాలి, ఇది ఇల్లు గుల్ల చేసే ఖర్చేమీ కాదు. చెరువుల పక్షం వహించేవాళ్ళు కరెంటు బిల్లును భూతద్దంలో చూపిస్తుంటారు, నాకు అది నచ్చదు. అసలు చిక్కు బిల్లులో లేదు, ఆగిపోవడంలో ఉంది. యంత్రంలోని బాక్టీరియాకు గాలి గంట గంటకూ అందాలి. తుఫాను గాలికి చెట్లు కూలి కొండ మీద రెండు మూడు రోజులు కరెంటు పోతే ఆ బాక్టీరియా చచ్చిపోతుంది, తిరిగి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. బ్లోయర్ బేరింగు పోతే విశాఖ నుంచి మెకానిక్కు రావాలి. అతను వచ్చేదాకా మురుగు ఆగదు, పక్క కాలువలోంచి గెడ్డలోకే పోతుంది. చెరువుకు ఆగిపోవడం తెలియదు. దాని లోపాలు దానికి ఉన్నా, ఒక్కరోజులో కుప్పకూలే లోపం వాటిలో లేదు.

అయితే చెరువుకు నేల కావాలి. కొండల్లో చదును నేల అంటే వరి మడి. దాని ధర డబ్బులో చెప్పేది కాదు. కాబట్టి ఎంత నేల అన్నది ముందే తేల్చుకోవాలి. లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డంకన్ మారా సూత్రం ప్రకారం 20 డిగ్రీల వేడిలో హెక్టారు చెరువు రోజుకు దాదాపు 250 కిలోల బీఓడీని మోయగలదు. మన పాఠశాల మురుగును ముందు లోతైన, గాలాడని తొట్టిలో నిలిపితే సగం అక్కడే తగ్గుతుంది. మిగిలిన 10 కిలోలకు 400 చదరపు మీటర్లు, అంటే పది సెంట్లు చాలు. క్రిములు చావడానికి దాని తర్వాత రెండు చిన్న చెరువులు, గట్లు, నడవడానికి దారి అన్నీ కలిపితే పాతిక సెంట్లు. పాఠశాల ఆవరణలో ఆటస్థలం కంటే అది చిన్నదే. రిసార్టులైతే తమ స్థలంలోనే తవ్వుకోవాలి. ఇక్కడ రాజీ కుదరదు. ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1/70 చట్టం గిరిజనుల నేలను గిరిజనేతరుల చేతుల్లోకి పోనివ్వదు. మురుగు శుద్ధి పేరు చెప్పి ఒక గిరిజన రైతు మడిని అడిగే పథకం ఎంత శాస్త్రీయమైనదైనా తప్పే. ఏ ఊరిలో ఏ స్థలమన్నది గ్రామసభలో తేలాలి. స్థలం విషయంలో ఇంకొక్క జాగ్రత్త. బొర్రా చుట్టుపక్కల సున్నపురాయి నేల, పగుళ్ళతో, గుల్లలతో నిండినది. అక్కడ చెరువు తవ్వితే మురుగు నేలలోకి జారి ఎక్కడో కింద ఊటగా తేలుతుంది. అలాంటి చోట అడుగున బంకమట్టినో షీటునో పరిచి తీరాలి. లేదంటే చెరువు ఆలోచనే మానుకోవాలి.

కాఫీ నీటి దగ్గర మాత్రం నా వాదనకు నేనే పగ్గం వేయాలి. పల్పింగ్ మిషన్ నుంచి వచ్చిన నీటిని నేరుగా నాచు చెరువులో వదిలితే చెరువు చచ్చిపోతుంది. ఆ పులుపుకు నాచు తట్టుకోదు. సున్నం వేసి పులుపు విరిస్తే, పండు తొక్కలోని రంగు నల్లబడి, నీటిలోకి వెలుగును దిగనివ్వదు. వెలుగు లేకపోతే నాచు లేదు. అందుకని వరస ఇలా ఉండాలి. ముందు జల్లెడ పట్టి తొక్కను వేరు చేసి ఎరువు గుంటకు పంపాలి. తర్వాత సున్నంతో పులుపు తగ్గించాలి. ఆ తర్వాత లోతైన, గాలాడని మడుగులో కొన్ని వారాలు నిలిపితే అక్కడి వేరే జాతి బాక్టీరియా మలినంలో చాలా భాగాన్ని గ్యాసుగా మారుస్తుంది. పైన మూత వేసి ఆ గ్యాసును పట్టుకుంటే వంటకు పనికొస్తుంది, వదిలేస్తే భూమిని వేడెక్కిస్తుంది. కర్ణాటకలోని కొడగు, చిక్కమగళూరు ప్రాంతాలు తమ వాగులు పాడైన తర్వాత నేర్చుకున్న పద్ధతి దాదాపు ఇదే. మనం వాగులు పాడు చేసుకోకుండానే నేర్చుకోవచ్చు. నాచు చెరువు వంతు ఆ తర్వాతే వస్తుంది.

ఇక్కడ ఒక చక్కని అవకాశం ఉంది. బాక్టీరియా 100 పాళ్ళ బీఓడీని అరిగించుకోవడానికి సుమారు 5 పాళ్ళ నత్రజని, ఒక పాలు భాస్వరం కావాలి. కాఫీ నీటిలో చక్కెర దండిగా ఉంటుంది, నత్రజని ఉండాల్సినంత ఉండదు. పాఠశాల మురుగులో నత్రజని అవసరానికి మించి ఉంటుంది. రెండింటినీ చివరి దశలో ఒకే చెరువులో కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. నల్లరంగు పలచబడి వెలుగూ దిగుతుంది. కాఫీ సీజను మూడు నాలుగు నెలలే. దాని కోసమే చెరువు కడితే మిగతా ఏడాదంతా ఆకలితో నాచు ఎండిపోతుంది, సీజను వచ్చేసరికి మళ్ళీ మొదటి నుంచి పెంచాలి. పాఠశాల మురుగు ఏడాది పొడవునా వస్తుంటే పొత్తు చెడకుండా నిలుస్తుంది. పల్పింగ్ యూనిట్, ఆశ్రమ పాఠశాల దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్ళు మన్యంలో వెతికితే దొరుకుతాయి. అలాంటి జంటలను గుర్తించడమే మొదటి పని కావాలని నా అభిప్రాయం. మరీ ఎక్కువ కాఫీ నీరు ఒకేసారి వదిలితే మాత్రం ఈ ఏర్పాటు కూడా తలకిందులవుతుంది. మడుగులో నిలవ ఉంచి కొద్దికొద్దిగా వదలాలి.

ఈ బాధంతా ఎందుకు, పండ్లను కడగకుండా అలాగే ఎండబెడితే మురుగే ఉండదు కదా అనేవారున్నారు. వాళ్ళ మాటలో పస ఉంది. ఎండబెట్టే పద్ధతిలో నీటి పని దాదాపు లేదు. కానీ పొగమంచు కమ్మే ఉదయాల్లో, నవంబరు తుఫాను ముసుర్లలో పండు ఎండడానికి వారాలు పట్టి బూజు పట్టే ప్రమాదముంది, కళ్ళాలు ఎక్కువ కావాలి. కడిగిన కాఫీకి వచ్చే ధర చాలామంది రైతులకు అదనపు ఆసరా. కొంత పంటనైనా ఎండబెట్టి అమ్మే వీలుంటే అమ్మాలి, సందేహం లేదు. మిగతాదానికి శుద్ధి తప్పదు. ఎకో పల్పింగ్ యంత్రాల గురించి కూడా ఇదే స్పష్టత కావాలి. అవి నీటిని బాగా ఆదా చేస్తాయి, అది మంచిదే. అయితే నీరు తగ్గినంత మాత్రాన జిగురు తగ్గదు. తక్కువ నీటిలో చిక్కగా వస్తుంది. చిక్కని నీరు తక్కువ ఉంటే మడుగు చిన్నదైనా సరిపోతుంది, ఆ మేరకే లాభం.

ఇక చలి సంగతి. లంబసింగి రాత్రుల్లో గాలి వేడి సున్నాకు దగ్గరపడే రోజులుంటాయి. నాచు, బాక్టీరియా చలికి మందగిస్తాయి, కాదనలేం. మారా సూత్రమే ఆ నష్టాన్ని కూడా చెబుతుంది: నీరు 15 డిగ్రీలకు పడితే హెక్టారు మోయగల బరువు 250 నుంచి 167 కిలోలకు తగ్గుతుంది. మన పాఠశాలకు పది సెంట్లు కావాల్సిన చోట పదిహేను కావాలి. ఇబ్బందే గాని అసాధ్యం కాదు. పైగా గాలి చల్లబడినంత వేగంగా మీటరున్నర లోతు నీరు చల్లబడదు. పొగమంచు తొమ్మిది పది గంటలకు విచ్చుకున్నాక డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం చాలా రోజులు తేటగానే ఉంటుంది. నాకు ఎక్కువ అనుమానం ఉన్నది చలికాలం మీద కాదు, వారాల తరబడి మబ్బు వీడని ఆషాఢ శ్రావణాల మీద. అప్పుడు వెలుగు తగ్గి ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ రోజుల్లో కాఫీ నీరు లేకపోవడం, వాన నీరు కలిసి మురుగు పలచబడటం మన అదృష్టం. వాన నీరు చెరువుల్లోకి వరదలా రాకుండా చుట్టూ కాలువ తవ్వాలి. లేకుంటే శుద్ధి కావాల్సిన నీరు గట్టు దాటి ముందే పారిపోతుంది.

నాచు అంటేనే కాలుష్యానికి గుర్తు కదా, నగరాల్లో పచ్చబడి చేపలు చచ్చే చెరువులను చూడటంలేదా అని అడగవచ్చు. నాచు అదే, తేడా ఎక్కడ పెరుగుతోందన్నదే. మనం తవ్విన చెరువులో పెరిగిన నాచు మనకు పని చేస్తుంది. అదే నాచు గెడ్డలోకి జారితే అక్కడ చచ్చి కుళ్ళి, మనం తీసేసిన బీఓడీని తిరిగి తెచ్చిపెడుతుంది. రాత్రిపూట అది కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది. ఆకుపచ్చ నీటిని అలాగే కొలిస్తే 30 మిల్లీగ్రాముల హద్దు దాటిపోవచ్చు కూడా. ఐరోపా సమాజం 1991లో నియమాలు చేస్తూ, ఇలాంటి చెరువుల నుంచి వచ్చే నీటిని వడగట్టి కొలవాలని ప్రత్యేకంగా రాసుకుంది. మన్యంలో అలాంటి మినహాయింపు కోరడం కంటే ఆ నీటిని గెడ్డలోకి వదలకుండా సిల్వర్ ఓక్ నర్సరీలకో, పశుగ్రాసానికో, తోటలకో పారించడం మంచిది. పచ్చివిగా తినే కూరగాయలకు మాత్రం వద్దు. వదలక తప్పని చోట గులకరాళ్ళ వడపోత గుండా పంపాలి. బాక్టీరియా వదిలే జిగురులో నాచు కణాలు ముద్దలుగా అంటుకుంటే తేలిగ్గా అడుగుకు దిగుతాయని ఇటీవలి ప్రయోగాలు చూపిస్తున్నాయి. విడివిడిగా ఉన్న నాచు కణం మిల్లీమీటరులో వందో వంతు ఉంటుంది గనుక గంటలు నిలిపినా దిగదు. ఈ పొత్తు వల్ల కలిగే మేలుల్లో ఇదీ ఒకటి.

దోమల ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇది మలేరియా ప్రాంతం. కొండ ప్రాంతాల మలేరియా దోమ నిదానంగా పారే తేట గెడ్డల అంచుల్లో గుడ్లు పెడుతుంది, ముతక మురుగును అంతగా ఇష్టపడదు. కానీ బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌కు మురుగే పుట్టిల్లు. దాన్ని ఆపేది మందు కాదు, శ్రద్ధ. గట్లు నిటారుగా, రాయి పరిచి ఉండాలి. అంచున గడ్డి, గుర్రపుడెక్క మొలకెత్తగానే పీకేయాలి. చివరి చెరువుల్లో దోమ పిల్లలను తినే చేపలను వదలాలి. గడ్డి పెరిగిన చెరువు కంటే అసలు చెరువు లేకపోవడమే మేలని నేను ఒప్పుకుంటాను.

దాంతో అసలు చిక్కుకు వచ్చాం: ఎవరు చూస్తారు? చెరువుకు ఇంజనీరు అక్కర్లేదు గాని మనిషి కావాలి. వారానికి ఒకసారి గడ్డి తీసేవాడు, తెట్టు తొలగించేవాడు, ఉదయమూ మధ్యాహ్నమూ నీటి రంగు చూసేవాడు. ఆకుపచ్చగా ఉంటే పొత్తు సాగుతోంది. ఊదారంగుకో బూడిదరంగుకో తిరిగితే మోయలేని బరువు పడుతోందని అర్థం, కాఫీ నీరు ఆపాలి. కొన్నేళ్ళకొకసారి అడుగు బురద తీయించాలి. ఈ పనికి ఆ ఊరి యువకుడికే జీతమిచ్చి, ఆ జీతాన్ని కట్టడం ఖర్చుతో పాటే మొదటి రోజునే మంజూరు చేయాలి. కట్టడానికి డబ్బు వచ్చి, చూడటానికి రాని పథకాలు ఏజెన్సీలో ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటి పక్కన ఇంకొకటి అక్కర్లేదు.

పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు (ఐటీడీఏ), కాఫీ బోర్డుకు, గిరిజన సహకార సంస్థకు, రిసార్టుల యజమానులకు నా విన్నపం ఒక్కటే. పది యూనిట్లకు ఒకేసారి టెండర్లు పిలవకండి. పల్పింగ్ యూనిట్, ఆశ్రమ పాఠశాల పక్కపక్కనున్న ఒక్క ఊరిని ఎంచుకోండి. గ్రామసభ ఒప్పుకుంటే పాఠశాల ఆవరణలో స్థలం కొలిపించండి. పిల్లల మురుగుకు పాతిక సెంట్లు, కాఫీ మడుగుకు అదనంగా యూనిట్ ఎంత పండు ఆడుతుందో దాన్నిబట్టి. వేసవిలో తవ్వితే వానాకాలంలో నాచు కుదురుకుంటుంది, నవంబరుకు సిద్ధంగా ఉంటుంది. చెరువుకు పైనా కిందా గెడ్డ నీటిని రెండు సీజన్ల పాటు పరీక్షించి, వచ్చిన అంకెలను కింది ఊరి గ్రామసభలో చదివి వినిపించండి. ఆ అంకెలు బాగుంటే రెండో ఊరికి వెళ్ళండి. బాగాలేకపోతే అదీ దాచకుండా చెప్పండి.